తెల్లపూత

కొత్తపాళెం, చిల్లకూరు మీదుగా
20-5-1959

తమ్ముడు పద్మనాభయ్యకు,

మేమంతా బాగానే ఉన్నాం, ఈ ఎండలే మమ్మల్ని బాగుండనివ్వడం లేదు. నువ్వు కార్డు ముక్క రాసి మూడు నెలలైంది. మద్రాసులో కాంపౌండరు ఉద్యోగమంటే కలెక్టరు ఉద్యోగం కంటే పెద్దదని మీ బావ హజరత్తయ్య ఎగతాళి చేస్తున్నాడు.

అసలు సంగతి కామాక్షిది. దానికి పదేళ్లు నిండాయి. జొన్నవాడ అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ, తెల్లగా ముగ్గుపిండి రంగులో పుట్టింది. ఇన్నాళ్లూ పగటిపూట గడప దాటనివ్వకుండా పెంచాను. పోయిన ఏడు నీ దగ్గరికి వచ్చి ఎగ్మూరు కంటి ఆస్పత్రిలో చూపించినప్పుడు డాక్టరు ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. ఇది జబ్బు కాదు, అంటేది కాదు, ఒంట్లో రంగు లేకుండా పుట్టింది, ఎండ తగలనివ్వద్దు అన్నాడు. ఆ రోజు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నువ్వు డ్రైవరు దగ్గర నిలబడే వచ్చావు. మాకు చోటు ఇరుకవుతుందనుకున్నావేమో పాపం.

ఇప్పుడు మా బడికి ఎలిశబెతు టీచరని కొత్తగా వచ్చింది. మొన్న ఇంటికొచ్చి కూర్చుని, "రాఘవమ్మా, పక్కింటి పిలకాయలు వల్లెవేసే పాఠాలన్నీ గోడకివతల ఉండి నేర్చుకునిందే ఈ పిల్ల! దీన్ని ఇంట్లో పెట్టి ఏం చేస్తావు? జూన్లో బడికి తోలకపోతే నేనే వచ్చి ఎత్తుకపోతా" అంది. కామాక్షి తలుపు వెనక నిలబడి వింటూనే ఉంది. అప్పటినుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. "అమ్మా, గొడుగేసుకొని పోతా, పరిగెత్తి పోతా" అంటుంది.

బడి మైలు దూరం. దారంతా ఇసుకపర్ర, అవతల ఉప్పుమళ్లు, నీడనిచ్చే చెట్టు ఒక్కటి లేదు. పోయిన వేసవిలో కోడిపిల్ల వెనక పరిగెత్తి కాసేపు ఎండలో ఉన్నందుకే మొహమంతా బొబ్బలెక్కింది. మీ షాపులో ఇన్ని మందులున్నాయి గదా, ఎండను ఆపే మందు ఏదైనా ఉంటే పంపు. నువ్వు లేదంటే బిడ్డ బడి మాట ఇక మరిచిపోవాల్సిందే.

మీ అక్క
రాఘవమ్మ

మద్రాసు
2-6-1959

రాఘవమ్మక్కకు,

కలెక్టరుగారి జవాబు ఇది. బావకు చదివి వినిపించు.

నువ్వు అడిగిన మందు ఉంది. నేనే తయారు చేశాను. జింకు పొడిని వాసెలిన్‌లో వేసి గాజుపలక మీద పలుచటి కత్తితో రెండు గంటలు నూరాను, ఒక్క పలుకు కూడా చేతికి తగలదు. మా పెద్ద కాంపౌండరు ఓబులేసుగారు వేలితో రాసి చూసి, "ఎవరికయ్యా ఇంత శ్రద్ధగా చేస్తున్నావు?" అన్నారు. ఊళ్లో ఒకరికి అన్నాను.

ఎండంటే వేడి ఒక్కటే కాదక్కా. అందులో కంటికి కనిపించని వెలుగు ఒకటుంది. చర్మాన్ని కాల్చేది అదే. మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజు కూడా అది కొంత దిగుతూనే ఉంటుంది. నీకూ నాకూ చర్మంలో నలుపు ఉంది గనుక అది అడ్డుకుంటుంది. కామాక్షికి ఆ అడ్డు లేదు, మనం పైనుంచి కట్టాలి. జింకు రేణువులు చర్మం మీద పరచుకొని కూర్చుంటాయి. వచ్చిన వెలుగులో కొంత వెనక్కి తిప్పికొడతాయి, కొంత తామే మింగేస్తాయి. పలుచగా పూస్తే రేణువుల మధ్య సందులు మిగిలి అందులోంచి ఎండ దూరుతుంది. కాబట్టి గోడకు వెల్ల వేసినట్టు మందంగా పుయ్యి. తెల్లగా కనిపిస్తేనే మందు ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో.

గొడుగు ఉంది గదా అని నమ్ముకోవద్దు. ఇసుక, ఉప్పునీళ్లు వెలుగును కిందనుంచి ఎగజిమ్ముతాయి. గడ్డం కింద, ముక్కు కింద, మెడ వెనక పుయ్యి. చెవుల్ని అందరూ మరిచిపోతారు, నువ్వు మరవద్దు. చెమటకు కారిపోతుంది, మధ్యాహ్నం బడిలో మళ్లీ పూయమని టీచరుగారికి చెప్పు. నిండు చేతుల రవిక వెయ్యి.

విదేశాల నుంచి వచ్చే సీసాల్లో ఇంకో రకం మందు ఉంటుంది. పేరు నోరు తిరగదు, మేము పొట్టిగా పాబా అంటాం. అది వెలుగును వెనక్కి కొట్టదు, పీల్చేసుకుంటుంది. చర్మం మీద రంగు కనిపించదు. మా ఓనరు బీరువాలో ఒక సీసా ఉంది గాని మనకు జింకే చాలు.

నా మేనకోడలు బడికి పోయి నాకంటే పెద్ద కాంపౌండరు కావాలి.

తమ్ముడు
పద్మనాభయ్య

కొత్తపాళెం
30-7-1959

పద్మనాభానికి,

నీ మందు పని చేయడం లేదు. చెప్పడానికి బాధగానే ఉంది, నువ్వు అంత కష్టపడి నూరావు గదా.

నువ్వు రాసినట్టే పూసి పంపుతున్నాను. అయినా మొహం కమిలింది. చెవులు పొట్టు లేస్తున్నాయి. అది ఏడవదు, బడినుంచి వచ్చి కుండకు చెంప ఆనించుకొని కూర్చుంటుంది.

ఊరి సంగతి నీకు తెలియంది కాదు. మొహానికి పూత పూసిన బిడ్డ కనిపిస్తే ఇక్కడ ఏమనుకుంటారు? మొదటిరోజే బావి దగ్గర మాలకొండమ్మ బిందె వదిలేసి, "ఏందమ్మే రాఘవమ్మా, అమ్మవారు పోసిన బిడ్డను బడికి తోలుతా ఉండావా? మా పిలకాయలు బతకొద్దా?" అని కేకలేసింది. కాదు, మందు అన్నాను. "మందైతే ఇంకా చెడ్డ. ఏం రోగానికో మందు?" అంది. మర్నాడు బావి దగ్గర నాకు చోటు లేదు. మా ఇంటికి మజ్జిగకు వచ్చేవాళ్లు రావడం మానేశారు. కుర్రకారు దాన్ని చూసి సున్నపుబొమ్మ అని అరుస్తారు. నేను దాని వెనకాలే కాస్త ఎడంగా నడిచి బడి కనిపించేదాకా పోయి వస్తున్నాను.

తమ్ముడూ, మీ షాపులో ఆడవాళ్లు మొహానికి పూసుకునే స్నోలు ఉంటాయి గదా, రాస్తే మాయమైపోతాయి. అట్లా కనపడని మందు చెయ్యి. నువ్వే రాశావు, పాబా అనో ఏదో. లేకుంటే నేను దీన్ని బడి మాన్పించేస్తాను. రోజూ ఈ సిగ్గు నేను పడలేను.

రాఘవమ్మ

మద్రాసు
16-8-1959

అక్కకు,

నీ జాబు చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. జింకు పనిచేయకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఓబులేసుగారిని అడిగితే, పని చేసి తీరాలే అన్నారు. మన ఇసుకపర్ర ఎండ అలాంటిదేమో.

సరే, బడి మాన్పించవద్దు. నువ్వు అడిగినట్టే కనపడని మందు పంపుతున్నాను, గులాబీ వాసన కూడా వేశాను. ఇందులో పాబా ఉంది, పైకి ఏమీ కనిపించదు. పొద్దున ఒకసారి రాస్తే చాలు. గొడుగు మాత్రం మరవద్దు. షాపులో పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేకపోతున్నాను.

పద్మనాభయ్య

కొత్తపాళెం
10-2-1960

బంగారు తమ్ముడికి,

నీ కాలికి గండపెండేరం తొడగాలి. స్నో వచ్చినప్పటినుంచి మా ఇంట్లో పండగే. మాలకొండమ్మే నా బిందెకు చోటిచ్చి, "బిడ్డకు తగ్గిపోయిందా? అదృష్టవంతురాలివమ్మే" అంది. తగ్గిపోయిందన్నాను. ఏం తగ్గిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇప్పుడు రోజూ నేనే కామాక్షి చెయ్యి పట్టుకొని బడి గడప దాకా దిగబెట్టి వస్తున్నాను. దారి పొడుగునా కబుర్లు చెబుతుంది. పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే తప్ప అక్షరం కనిపించదు, అయినా తరగతిలో అదే మొదటిది. సాయంత్రానికి మొహం కాస్త ఎర్రబడుతుంది, అది లెక్కలోది కాదులే. "మంటగా ఉండాదా అమ్మీ?" అని అడిగితే లేదంటుంది.

కోతలు అయిపోయాయి, కొత్తబియ్యం తినిపోదువుగాని రా. వస్తే కాస్త వెలుతురుండగా రా నాయనా. నువ్వెప్పుడూ మసక చీకటి బస్సుకు దిగుతావు, తెల్లారకముందే వెళ్లిపోతావు. నీ మేనకోడలిని నలుగురిలో తిప్పి నీ మందు గొప్ప చూపించుకుందువు.

రాఘవమ్మ

మద్రాసు
5-9-1961

అక్కకు,

స్నో డబ్బాలు రెండు ఈ జాబు తెచ్చే మనిషి చేతికి ఇచ్చాను. ఎండ ఎక్కువగా ఉన్న రోజు కామాక్షిని ఇంట్లోనే ఉంచితే మంచిది. మందు ఎంత మంచిదైనా మందే గదా. వీలైతే పాత తెల్లమందును చెవులకైనా రాసి జుట్టుతో కప్పు. పాతది ఉందా, పారేశారా?

పద్మనాభయ్య

కొత్తపాళెం
12-4-1963

తమ్ముడు పద్మనాభయ్యకు,

రెండేళ్ల కిందట అడిగావు, పాత తెల్లమందు ఎప్పుడో పారేశాను. ఇప్పుడు ఇంకో సంగతి అడగాలి.

కామాక్షి ఇప్పుడు పెద్ద బడికి పోతోంది, నడక రెండు మైళ్లు. దాని కుడిచెవి పైఅంచున సంక్రాంతి ముందు చిన్న పొక్కు లేచింది. చెక్కు కడుతుంది, రాలుతుంది, మళ్లీ లేస్తుంది. ఇప్పుడు రేగుపండంత అయింది. జడ వేసేటప్పుడు దువ్వెన తగిలితే నెత్తురు కారుతుంది. పసుపు పెట్టాను, వేపాకు పెట్టాను. స్నో రోజుకు రెండుసార్లు చెవికి కూడా పట్టిస్తున్నాను. ఇంకెన్నిసార్లు రాయమంటావు?

రాఘవమ్మ

మద్రాసు
15-4-1963

అక్కా,

ఈ కవరు అందిన రోజే బయలుదేరు. నెల్లూరు పెద్దాస్పత్రికి తీసుకుపో. వారం ఆగుదాం, పౌర్ణమి పోనీ, ఇవేవీ వద్దు. బావ పొలం పని ఆపి వెంట రావాలి. స్నో ఇకమీద రాయవద్దు. ఎందుకని అడగవద్దు, తర్వాత రాస్తాను.

పద్మనాభయ్య

నెల్లూరు, ఆస్పత్రి
3-5-1963

పద్మనాభయ్యకు,

చెవి కోశారు. పైసగం పోయింది. కోసిన ముక్కను పరీక్ష చేయించి, రాచపుండేనని డాక్టరుగారు మీ బావతో చెప్పారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే మెడలోకి దిగేదట. ఇప్పటికైతే ప్రాణానికి భయం లేదు, కానీ మొహం మీద ఇంకో రెండుచోట్ల గరుకు మచ్చలున్నాయి, ఎండ తగిలితే అవీ ఇట్లాగే తిరుగుతాయన్నారు. బిడ్డకు పద్నాలుగేళ్లు. కట్టు కట్టుకొని మంచం మీద కూర్చుని, నర్సు మగ్దలీనమ్మకు పద్యాలు అప్పచెబుతోంది.

ఇది కాదు నేను రాయాలనుకుంది. డాక్టరుగారు, "ఎండకు ఏమి రాస్తా ఉండారు?" అని అడిగారు. నేను గొప్పగా సంచిలోంచి నీ డబ్బా తీసి ఇచ్చాను. మా తమ్ముడు మద్రాసులో కాంపౌండరండీ, తనే చేశాడు, ఇందులో పాబా ఉంది అన్నాను. ఆయన వేలితో తీసి రాసుకున్నాడు, వాసన చూశాడు, నా మొహం చూశాడు. "ఇది మొహానికి వాసన కోసం పూసుకునేదమ్మా. ఎండకు దీనికీ మంచినీళ్లకూ తేడా లేదు" అన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన పొరబడ్డాడనే అన్నాను అందరితో. ఆ డబ్బాలో ఏముందో నువ్వు చెప్పు.

రాఘవమ్మ

మద్రాసు
11-5-1963

అక్కా,

డాక్టరుగారు పొరబడలేదు. ఆ డబ్బాలో మామూలు స్నో ఉంది. మనసు ఒప్పక చిటికెడు జింకు వేసేవాడిని, తెల్లగా కనిపిస్తుందేమోనని అంతకంటే వేయలేదు. పాబా లేదు. ఒక్కసారి కూడా లేదు. నాలుగేళ్లు నీకు అబద్ధం పంపాను.

పాబా దొరక్క కాదు. బీరువా మా ఓనరుగారిది, ఆయన మంచివాడు, అడిగితే ఇచ్చేవాడు. కానీ ఎవరికి అని అడుగుతాడు. మా అక్క కూతురికి అనాలి. ఏమైంది అంటాడు, చెప్పాలి. ఒకసారి తీసుకురా చూద్దాం అంటాడు, తీసుకురావాలి. ఆ మాట నా నోటినుంచి రాలేదు. ఓబులేసుగారు మొదటిరోజు అడిగితే కూడా ఊళ్లో ఒకరికి అన్నాను, గుర్తుందా? మేనకోడలికి అని ఒక్క ముక్క అనలేకపోయాను. ఆ రోజు బస్సులో నేను డ్రైవరు దగ్గర నిలబడింది మీకు చోటు ఇవ్వడానికి కాదక్కా. నేను మీ మనిషినని తెలియకూడదని. మసక చీకటి బస్సుకు వచ్చేదీ అందుకే.

జింకు పనిచేయలేదని నువ్వు రాసిన జాబు పట్టుకొని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మంచి మందే ఎండను ఆపనప్పుడు ఏది పంపితే ఏముంది, బిడ్డ సంతోషంగా బడికి పోతే చాలు అనుకున్నాను. తర్వాతిసారి నిజం మందు వేద్దాం అని ప్రతి డబ్బాకూ అనుకున్నాను. అనుకుంటూనే గులాబీ వాసన వేసి మూత పెట్టేవాడిని. నువ్వు నన్ను బంగారు తమ్ముడన్న జాబును చదవలేక చించి పారేశాను.

వెలుగు గురించి, రేణువుల గురించి నీకు అంత రాసింది నేనే. చెవుల్ని మరవద్దని రాసింది నేనే. తెలియనివాడు చేస్తే పొరపాటు, నేను చేసింది పొరపాటు కాదు. అద్దంలో నా చెవి చూసుకోవడానికి కూడా సిగ్గేస్తోంది. నన్ను ఏమన్నా పడతాను. బావకు చెప్పాలనుకుంటే చెప్పు.

పద్మనాభయ్య

కొత్తపాళెం
22-9-1963

పద్మనాభయ్యకు,

నాలుగు నెలలు నీకు రాయలేదు. నీ పేరు ఎత్తితే వంటింట్లోకి లేచిపోయాను. నీ జాబు మీ బావకు చదివి వినిపించలేదు, మడిచి బియ్యం డబ్బాలో అడుగున దాచాను. నిన్ను తిట్టిన తిట్లన్నీ రాయాలంటే కవరు చాలదు. నా కడుపున పుట్టిన దాన్ని నా మనిషి అని చెప్పుకోలేకపోయినవాడివి, నువ్వేం మేనమామవు? అన్నప్రాశనకు దాన్ని ఒడిలో కూర్చోబెట్టుకుంది నువ్వు కాదూ?

ఇంత దాకా రాసి కలం పక్కన పెట్టాను. మూడు రోజులైంది. ఇక దాచలేను, మిగతాది కూడా రాస్తాను.

నీ తెల్లమందు పనిచేయలేదని నేను రాసింది అబద్ధం. అది పనిచేస్తుందో లేదో నాకు తెలియదు, దాన్ని పనిచేయనిస్తే గదా! పొద్దున్నే నువ్వు చెప్పినట్టే మందంగా పూసేదాన్ని. ఎలిశబెతు టీచరు అడిగితే పూశానని చెప్పడానికి, దేవుడి ముందు చెప్పడానికి. మాలకొండమ్మ కేకలు వేసిన మర్నాటి నుంచి, వీధి మలుపులో బావి ఇంకా కనిపించకముందే, దాన్ని గోడవైపు తిప్పి నిలబెట్టి కొంగుతో తుడిచేసేదాన్ని. గట్టిగా తుడిచేదాన్ని, చెవుల వెనక కూడా. మధ్యాహ్నం మళ్లీ పూయాలన్న మాట టీచరుతో అననేలేదు. ఒక్కరోజు కూడా అది ఎందుకమ్మా అనలేదు. మొహం నాకు అప్పగించి కళ్లు మూసుకునేది. చెవుల దగ్గర ఎక్కడో పిసరంత తెలుపు మిగిలేది, దానికే సున్నపుబొమ్మ అన్నారు, దానికే నేను ఎడంగా నడిచాను. నా కొంగు చివర తెల్లటి జిడ్డు ఎంత ఉతికినా పోయేది కాదు.

సాయంత్రం కమిలిన మొహంతో బిడ్డ ఇల్లు చేరితే, కూర్చుని నీకు రాశాను, నీ మందు మంచిది కాదని. ఆ జాబును నమ్మే గదా నువ్వు స్నో చేసింది. నీ అబద్ధానికి ముందు నా అబద్ధం ఉంది. డాక్టరు ముందు తలదించుకొని వచ్చి నీకు రాసినప్పుడు కూడా నీ మీదకే తోశాను, కొంగు సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు ఆస్పత్రివాళ్లు ఇచ్చిన జింకు మందు పూస్తున్నాను, తుడవడం లేదు. నాలుగు నెలలుగా మొహం కమలలేదు. నీ మందు మంచిదేరా తమ్ముడూ. మొదటినుంచీ మంచిదే.

రాఘవమ్మ

కొత్తపాళెం
6-1-1964

పద్మనాభం మామకు కామాక్షి రాసేది,

అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయని నవ్వకు. ఇంతకంటే చిన్నగా రాస్తే నాకు కనపడవు. పేజీకి ఎనిమిది వరుసలే పడతాయి, అందుకని కవరు బరువైంది.

నువ్వు మేలో రాసిన జాబు నాకు బియ్యం డబ్బాలో దొరికింది. రోజూ బియ్యం కొలిచేది నేనేనని అమ్మ మరిచిపోయింది. నేను చదివేశానని తెలిసి ఏడ్చి, తను రాసిందంతా నోటితో చెప్పింది. మీరిద్దరూ ఒకరికొకరు తప్పు ఒప్పుకున్నారు. నాతో ఎవరూ ఒప్పుకోలేదు. చెవి నాది.

ఆ స్నోలో ఏమీ లేదని నాకు మొదటి వారమే తెలుసు. తెల్లమందు తుడిచేశాక మొహం ఎట్లా మండేదో, స్నో రాసినా అట్లాగే మండేది. నేను చెప్పలేదు. ఎందుకంటే తెల్లమందు రోజుల్లో అమ్మ నా వెనక ఎక్కడో నడిచేది, పిలిస్తే పలికేది కాదు. స్నో వచ్చాక నా చెయ్యి పట్టుకొని బడి గడప దాకా వచ్చింది. మంట సాయంత్రానికి గాని మొదలయ్యేది కాదు, అమ్మ చెయ్యి పొద్దున్నే దొరికేది. అందుకని మంట లేదని చెబుతూ వచ్చాను. దానికి నాకూ సిగ్గుగానే ఉంది. కానీ అప్పుడు నాకు పదేళ్లు మామా.

నువ్వు జాబులో ఒకటి రాయలేదు. బస్సులో దూరంగా నిలబడ్డానని రాశావు, అంతేనా? నాకు దూరం కనపడదు గాని చెవులు బాగా వినపడతాయి, అప్పుడు రెండూ ఉన్నాయి. కండక్టరు టికెట్లు కొడుతూ నన్ను చూపించి, నీ పిల్లా అన్నట్టు నిన్ను అరవంలో ఏదో అడిగాడు. నువ్వు "ఇల్లె" అన్నావు. మా ఉప్పుమళ్లకు తడ అవతలి అరవ ఊళ్లనుంచి బండ్లు వస్తాయి, ఇల్లె అంటే కాదని ఇక్కడ పిలకాయలందరికీ తెలుసు. అమ్మకు వినపడలేదు. నేను ఈ రోజు దాకా ఆమెకు చెప్పలేదు, ఇక మీదట కూడా చెప్పను. అది నువ్వే చెప్పాలి.

ఇప్పుడు నేను రోజూ మొహానికి మందంగా పూసుకొని పోతున్నాను. మాలకొండమ్మత్త అడిగితే, "ఎండకు పూసుకున్నా అత్తా, నీకూ కావాలా?" అన్నాను. నవ్వింది. అందరూ నవ్వరు. అమ్మ పక్కనే నడుస్తోంది గాని తల వంచుకొని నడుస్తోంది. నేను చెయ్యి వదలకుండా పట్టుకుంటున్నాను.

ఆస్పత్రి డబ్బా అయిపోవచ్చింది. నువ్వు నూరినంత మెత్తగా ఆ మందు లేదు, గరుకుగా ఉంది. కాబట్టి మొదటిసారి చేసినట్టే చెయ్యి, వాసన వద్దు. ఓబులేసుగారు ఎవరికని అడిగితే సరిగ్గా జవాబు చెప్పి చెయ్యి. డబ్బా ఎవరి చేతికీ ఇచ్చి పంపవద్దు, నువ్వే తీసుకురా. మసక చీకటి బస్సు వద్దు, మధ్యాహ్నం బస్సుకు రా. చిల్లకూరులో బస్సు ఆగే చోట తెల్లమొహంతో గొడుగేసుకొని నిలబడి ఉంటాను, కనపడలేదని అనలేవు.

దిగగానే కండక్టరో, బస్సులో ఇంకెవరో నన్ను చూసి ఎవరీ పిల్ల అని తప్పకుండా అడుగుతారు. అందరూ అడుగుతారు. అప్పుడు నువ్వు చెప్పే జవాబు కాస్త గట్టిగా చెప్పు మామా, నాకిప్పుడు ఒక చెవి సగమే ఉంది.

నీ మేనకోడలు
కామాక్షి